ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

“అమ్మాయికి రక్తం ఏడు శాతమే ఉందట” అన్న మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదీ దానిమ్మకాయల కోసం బజారుకు బయలుదేరడం మన ఇళ్లలో మామూలే. ఆ మాటలో ఒక పొరపాటు, ఆ ప్రయాణంలో మరొక పొరపాటు ఉన్నాయి. ఏడు అన్నది శాతం కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఏడు గ్రాముల హిమోగ్లోబిన్ ఉందని దాని అర్థం. ఇక దానిమ్మ విషయానికి వస్తే, వంద గ్రాముల గింజల్లో అర మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. బీట్‌రూట్‌లో ఉండేదీ ఒక మిల్లీగ్రాము లోపే. ఎర్రగా కనిపించేదల్లా రక్తం పట్టిస్తుందన్నది కంటికి నచ్చే నమ్మకమే గాని లెక్కకు నిలిచేది కాదు.

ఇనుము లోపాన్ని సరిచేసుకోవడం లెక్కతో కూడిన పని. పెద్దవారి ఒంట్లో మొత్తం మీద మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. పాతబడిన కణాలను శరీరం విడగొట్టి, వాటిలోని ఇనుమును మళ్లీ కొత్త కణాల తయారీకి వాడుకుంటుంది కాబట్టి, మామూలుగా రోజుకు బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఇంత పొదుపుగా నడిచే సంసారంలో కొరత వచ్చిందంటే రాబడి తగ్గిందా, ఖర్చు పెరిగిందా, లేక గర్భం, ఎదుగుదల వంటి కొత్త అవసరం వచ్చిపడిందా అన్నది తేల్చుకోవాలి. ఆ పని మానేసి ఎన్ని మాత్రలు మింగినా చిల్లికుండలో నీళ్లు పోసినట్లే అవుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో అది ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం. రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లే రాదు. బి12, ఫోలిక్ ఆమ్లం తగ్గినా, తలసీమియా వంటి పుట్టుకతో వచ్చే సమస్యలున్నా, మూత్రపిండాలు దెబ్బతిన్నా హిమోగ్లోబిన్ పడిపోతుంది. అందుకే పరీక్ష తప్పనిసరి.

మొదట గమనించవలసినవి

ఇనుము లోపం హఠాత్తుగా మంచాన పడేయదు. మెల్లగా వస్తుంది కాబట్టి మనిషి దానికి అలవాటు పడిపోతాడు. ఒకప్పుడు ఆగకుండా ఎక్కిన మెట్లను ఇప్పుడు మధ్యలో ఆగి ఎక్కడం, బిందె దించగానే గుండె దడదడలాడటం, మధ్యాహ్నానికే ఒళ్లు బరువెక్కడం, చదువుకునే పిల్లకు పుస్తకం మీద మనసు నిలవకపోవడం, జుట్టు గుప్పెళ్లుగా ఊడటం, నోటి మూలలు చిట్లడం, రాత్రి పడుకున్నాక కాళ్లలో ఏదో పాకుతున్నట్లుండి కదిలించకుండా ఉండలేకపోవడం, ఇవన్నీ దాని లక్షణాలు కావచ్చు. హిమోగ్లోబిన్ ఇంకా పడిపోకముందే, నిల్వలు మాత్రమే తగ్గిన దశలోనూ ఈ నీరసం కనిపిస్తుంది. “నీ హిమోగ్లోబిన్ బాగానే ఉంది, నీరసం నీ ఊహే” అని ఎవరైనా తీసిపారేస్తే అంతటితో ఊరుకోవద్దు.

ఇంట్లోనే చూసుకోగలిగినవి రెండున్నాయి. కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి అద్దంలో చూసుకుంటే లోపలి పొర ఎర్రగా కాకుండా పాలిపోయి కనిపించవచ్చు. గోరు మీద ఒక నీటి చుక్క వేయండి. మామూలు గోరు మీద అది జారిపోతుంది, లోపం చాలాకాలంగా ఉన్నవారి గోరు చెంచాలా గుంటపడి ఆ చుక్కను నిలబెడుతుంది. ఇవి కనిపించకపోయినంత మాత్రాన లోపం లేదని కాదు.

అందరూ దాచిపెట్టే లక్షణం ఇంకొకటుంది. బియ్యం ఏరుతూ చేటలోంచి పచ్చి బియ్యం నమలడం, పిల్లల పలక బలపాలు కొరకడం, తొలి చినుకుకు తడిసిన మట్టి వాసనకు ప్రాణం లాగేయడం, ఫ్రిజ్‌లోని మంచుగడ్డలను రోజంతా నములుతూ ఉండటం. ఇది చెడ్డ అలవాటని తిట్టేవారే ఎక్కువ. చాలాసార్లు ఇది ఇనుము లోపానికి గుర్తు. లోపం తీరాక ఆ కోరిక దానంతట అదే పోవడం కూడా మామూలే. మీ ఇంట్లో ఎవరైనా ఇలా తింటుంటే మందలించడం మాని పరీక్షకు తీసుకువెళ్లండి.

తరువాత పరీక్ష

మన ల్యాబుల్లో సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) అని పిలిచే, రక్తకణాల పూర్తి వివరం చెప్పే పరీక్షతో మొదలుపెట్టండి. వేలికొన నుంచి తీసిన చుక్కతో చేసే పరీక్ష శిబిరాల్లో వడపోతకు పనికొస్తుంది గాని, చికిత్స నిర్ణయానికి నరం నుంచి తీసిన రక్తమే నమ్మదగినది. గర్భవతి కాని మహిళలకు 12 గ్రాములు, మగవారికి 13 గ్రాములు, గర్భవతులకు సుమారుగా 11 గ్రాముల కంటే తక్కువగా ఉంటే రక్తహీనత కింద లెక్క.

చాలామంది హిమోగ్లోబిన్ అంకె చూసి కాగితం మడిచేస్తారు. దాని కిందనే ఉండే రెండు అంకెలు అంతకంటే ఎక్కువ చెబుతాయి. ఒకటి ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. ఇది సాధారణంగా 80 నుంచి 100 మధ్య ఉండాలి. రెండోది ఎర్ర రక్తకణాల సంఖ్య. ఇనుము లోపంలో కణాలు చిన్నవవుతాయి, సంఖ్యలోనూ తగ్గుతాయి. తలసీమియా వాహకుల్లో, అంటే జబ్బు పడకుండా ఆ లోపపు జన్యువును మోస్తున్నవారిలో, మాత్రం కణాలు చిన్నగా ఉన్నా సంఖ్య తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. ఉదాహరణకు ఎంసీవీ 68, కణాల సంఖ్య 3.9 మిలియన్లు ఉన్నాయనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 17 పైన వస్తుంది, ఇది ఇనుము లోపం వైపు మొగ్గు. అదే ఎంసీవీ 64, సంఖ్య 5.6 అయితే 11 చిల్లర వస్తుంది. 13 కంటే తక్కువ వచ్చినప్పుడు తలసీమియా వాహకులేమోనని అనుమానించి, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హిమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ పరీక్ష గురించి డాక్టరును అడగాలి. ఈ భాగహారం ఒక సూచన మాత్రమే, నిర్ధారణ కాదు. అయినా ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతూ “ఎంతకీ రక్తం పట్టడం లేదు” అని బాధపడేవారి విషయంలో ముందుగా చేయవలసిన లెక్క ఇదే.

ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్ అనే రక్తపరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది 15 కంటే తక్కువగా ఉంటే నిల్వలు ఖాళీ అయినట్లే. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే పరిగణిస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాతం వంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి ఎగబాకి, ఖాళీ కొట్టును నిండినట్లు చూపిస్తుంది. అందుకే జబ్బు తగ్గిన కొన్ని వారాల తరువాత చేయించుకోవడం మంచిది. సీరం ఐరన్ అనే పరీక్ష ఒక్కటే చేయించి నిర్ణయానికి రావద్దు. ముందురోజు మింగిన మాత్రకే ఆ అంకె మారిపోతుంది.

చిల్లి ఎక్కడుందో వెతకండి

ఒక మిల్లీలీటరు రక్తం పోతే సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోయినట్లు. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి పోతే అధిక రక్తస్రావం అంటారు. అంటే ఆ కొద్ది రోజుల్లోనే 40 మిల్లీగ్రాములు జారిపోయాయన్నమాట. మిల్లీలీటర్లు ఎవరూ కొలవలేరు కాబట్టి వేరే గుర్తులు చూసుకోవాలి: గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి రావడం, రాత్రి అందుకోసమే లేవడం, పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం. “మా అమ్మకూ ఇంతే, మా అక్కకూ ఇంతే” అని సరిపెట్టుకోకుండా స్త్రీ వ్యాధుల నిపుణురాలికి చూపించండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గర్భసంచి తొలగించే ఆపరేషన్లు దేశంలో అత్యధికంగా జరుగుతున్నది మన రెండు రాష్ట్రాల్లోనేనని పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అధిక రక్తస్రావానికి మందులున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం ఉంది; వీటిని ప్రయత్నించకుండానే నలభై ఏళ్లు నిండని మనిషికి నేరుగా ఆపరేషన్ సూచిస్తే, ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకునే వరకు సంతకం పెట్టవద్దు.

మగవారిలోనూ, నెలసరి ఆగిపోయిన మహిళల్లోనూ ఇనుము లోపం కనిపిస్తే దాన్ని ఇంకా తీవ్రంగా తీసుకోవాలి. వారిలో రక్తం పోయే దారి చాలావరకు కడుపు, పేగులే: పుండ్లు, మొలలు, ఏళ్ల తరబడి వాడిన నొప్పి మాత్రలు, కొన్నిసార్లు పెద్దపేగు క్యాన్సర్. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో తెచ్చుకున్న మాత్రలను పెద్దలు ఇంట్లో చెప్పకుండా మింగుతుంటారు. ఆ డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఇలాంటివారికి కడుపును, పేగులను గొట్టంతో లోపలి నుంచి చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని డాక్టరును మీరే అడగాలి. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగిందని సంతోషించి ఊరుకుంటే లోపలి పుండు అలాగే మిగిలిపోతుంది.

పొలాల్లో చెప్పులు లేకుండా తిరిగేవారికి కొంకి పురుగు పాదాల చర్మం గుండా ప్రవేశించి, పేగులను పట్టుకుని రోజూ కొంత రక్తం పీలుస్తుంది. పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలకు అటూ ఇటుగా ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చేది ఈ పురుగుల కోసమే. ఆ రోజు పిల్ల బడికి పోకపోతే తరువాత అడిగి వేయించండి.

మాత్ర మింగే పద్ధతి

ఖాళీ అయిన నిల్వను తిండితో మాత్రమే నింపడం దాదాపు అసాధ్యం. చికిత్స అంటే మాత్రలే. మా పిన్ని నాలుగు నెలలు క్రమం తప్పకుండా మాత్రలు మింగింది, హిమోగ్లోబిన్ 8.6 నుంచి 8.8కి మాత్రమే వచ్చింది. ఒక ఉదయం ఆమె పక్కన కూర్చున్నప్పుడు సంగతి బయటపడింది. ఇడ్లీ తిన్న వెంటనే, స్టీలు గ్లాసులో పొగలు కక్కుతున్న ఫిల్టర్ కాఫీ రెండు గుక్కలు తాగి, మాత్ర నోట్లో వేసుకుని, మూడో గుక్కతో మింగేసింది. వెంటనే కాల్షియం మాత్ర కూడా. రెండూ ఒకేసారి అయితే మరిచిపోకుండా ఉంటుందని ఆమె జాగ్రత్త. ఆ రెండింటినీ వేరుచేసి, ఐరన్ మాత్రను ఉదయం పది, పదకొండు గంటల మధ్య నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టాక రెండు నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది. మాత్ర అదే, మోతాదు అదే.

కాబట్టి మాత్రను ఖాళీ కడుపుతో, అంటే తిండికి గంట ముందో, రెండు గంటల తరువాతో, మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకోండి. కాఫీ, టీ, పాలు, పెరుగన్నం, ఎసిడిటీ మందులు దాని దరిదాపుల్లో ఉండకూడదు. కాల్షియం మాత్రను రాత్రి భోజనానికి మార్చండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు రెండింటి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం పాటించాలి. పొద్దున్నే గ్యాస్ మాత్ర మింగడం అలవాటైన ఇళ్లు చాలా ఉన్నాయి. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము ఒంటబట్టదు కాబట్టి, అది నిజంగా అవసరమా అని డాక్టరును అడగండి. ఖాళీ కడుపుతో వికారంగా ఉంటే కొద్దిగా తిని వేసుకోండి. కొంత తక్కువ ఒంటబట్టినా పూర్తిగా మానేయడం కంటే అది నయం.

కొనేటప్పుడు పట్టీ వెనక్కి తిప్పి చదవండి. ముఖ్యమైనది లవణం బరువు కాదు, అందులోని అసలు ఇనుము. ఫెర్రస్ ఫ్యూమరేట్ 300 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఇనుము సుమారు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల మాత్రలో అరవై చిల్లర. ఎక్కువ వేసుకుంటే త్వరగా రక్తం పడుతుందనుకోవద్దు. ఒక మోతాదు మింగిన తరువాత హెప్సిడిన్ అనే హార్మోన్ సుమారు ఒక రోజు పాటు పెరిగి, పేగు తలుపును కొంత మూసేస్తుంది. రెండో మాత్రలో ఎక్కువ భాగం మలంలోనే పోతుంది. అందుకే చాలామంది డాక్టర్లు ఇప్పుడు రోజుకు ఒకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి రాస్తున్నారు. మీకు ఏది సరిపోతుందో వారే చెప్పాలి. గర్భవతులు మాత్రం తమంతట తాము రోజు విడిచి రోజుకు మారకూడదు.

మలం నల్లబడుతుంది, భయపడనక్కరలేదు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే మాత్రం అది పేగుల్లో రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించాలి. మలబద్ధకం వస్తే నీళ్లు, పీచు పెంచండి. అయినా ఇబ్బందిగా ఉంటే మాత్ర మానకుండా రకం మార్చమని అడగండి. సిరప్ తాగే పిల్లల పళ్లు నల్లబడకుండా నాలుక వెనక భాగంలో పోసి నీళ్లు తాగించాలి.

గర్భవతులు, పిల్లలు

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భవతులకు నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకొక ఎర్ర మాత్ర, కాన్పు తరువాత మరో 180 రోజులు ఉచితంగా ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి మాత్ర మింగేటప్పుడు గుర్తుకొస్తే బాగుంటుంది. బడికి వెళ్లే పెద్ద పిల్లలకు వారానికొక నీలం మాత్ర, అయిదేళ్లు దాటిన చిన్నపిల్లలకు గులాబీ మాత్ర, అయిదేళ్ల లోపువారికి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు సిరప్ ఇస్తారు. ఇవి నివారణ మోతాదులు. లోపం ఉందని తేలాక చికిత్స మోతాదు వేరుగా ఉంటుంది.

“మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడు”, “వేడి చేస్తుంది” అన్న మాటలు అత్తగారింట్లో వినిపిస్తే కోడలు మాత్రలను చీర మడతల్లో దాచేస్తుంది. బిడ్డ రంగుకు, ఇనుముకు ఏ సంబంధమూ లేదు. గర్భంలో ఇనుము తగ్గితే నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, కాన్పులో కొద్దిపాటి రక్తస్రావానికే తల్లి ప్రాణం మీదికి రావడం జరుగుతాయి. ఈ మాట అత్తగారికి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం చేత చెప్పించడం మేలు. కోడలు చెబితే వినరు.

ఏడాదిలోపు బిడ్డకు ఆవు పాలు, గేదె పాలు పట్టవద్దు. ఆ వయసు దాటాక కూడా అన్నం మానేసి రోజుకు లీటరు పాలు తాగే పిల్లవాడు బొద్దుగా, పాలిపోయి కనిపిస్తాడు. అర లీటరుకు తగ్గించండి. పసితనంలో లోపం దీర్ఘకాలం ఉంటే మెదడు ఎదుగుదల మీద పడే దెబ్బ తరువాత ఇనుము ఇచ్చినా పూర్తిగా పోకపోవచ్చు కాబట్టి పిల్లల విషయంలో ఆలస్యం చేయకూడదు.

కంచంలో మార్పులు

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం మహిళకు రోజుకు 29, మగవారికి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. సజ్జల్లో ఆరుకు పైగా, ఉలవల్లో ఎనిమిదికి పైగా ఉంటుంది. రాగి జావను రక్తం కోసం తాగేవారున్నారు గాని, రాగుల అసలు బలం కాల్షియం.

మాంసాహారులకు మేక కాలేయం, తెలంగాణలో నల్ల అని పిలిచే మేక రక్తం వేపుడు, చేపలు మంచివి. వాటిలోని ఇనుము సులువుగా ఒంటబడుతుంది. గర్భవతులు మాత్రం కాలేయం జోలికి పోకూడదు, అందులో విటమిన్ ఎ మోతాదు మించి ఉంటుంది. శాకాహారులు పప్పు, తోటకూర, మునగాకు తినేటప్పుడు అదే ముద్దలో పులుపు ఉండేలా చూసుకోవాలి: పప్పు మీద నిమ్మకాయ పిండటం, ఉసిరికాయ పచ్చడి నంజుకోవడం, భోజనం తరువాత జామకాయ. గింజలను నానబెట్టి మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. పులుసులు ఇనుప మూకుడులో కాస్తే కొంత ఇనుము కలుస్తుంది. భోజనంతో పాటు తాగిన టీ ఆ పూట ఇనుములో సగానికి పైగా అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని గంట వెనక్కి జరపండి.

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయవద్దు. అవి బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. వందకు ఒకటి చొప్పున కలిపినవి. ఏరి పారేస్తే మిగిలేది మామూలు బియ్యమే.

మళ్లీ పరీక్ష, ఆపై

నాలుగు వారాలకు సీబీపీ మళ్లీ చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: మాత్ర నిజంగా వేసుకుంటున్నారా, దేనితో వేసుకుంటున్నారు, రక్తం ఇంకా పోతోందా, అసలు రోగనిర్ధారణ సరైనదేనా. ఈ ప్రశ్నలకు జవాబు రాకముందే ఇంజెక్షన్‌కు పరుగెత్తవద్దు. మాత్రలు పడనివారికి, ఒంటబట్టనివారికి, కాన్పు దగ్గరపడినవారికి నరం ద్వారా ఐరన్ ఎక్కించడం మంచి మార్గమే. కాని అది ఆసుపత్రిలో, పర్యవేక్షణలో జరగాలి, గర్భం మొదటి మూడు నెలల్లో వాడరు. ఊళ్లో బలానికని ఎక్కించే సెలైన్ సీసాలో ఉండేది ఉప్పునీరో గ్లూకోజు నీరో మాత్రమే. అందులో ఇనుము చుక్క కూడా ఉండదు.

హిమోగ్లోబిన్ ఏడు కంటే తక్కువగా ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం వంటివి కనిపించినా ఇంటి వైద్యాలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

చాలామంది దెబ్బతినేది చివరి దశలో. హిమోగ్లోబిన్ 12 దాటగానే పట్టీ అలమరలోకి పోతుంది, ఆరు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. అంకె సాధారణ స్థితికి వచ్చిందంటే రక్తకణాలు నిండాయని మాత్రమే. నిల్వలు నిండటానికి ఆ తరువాత కూడా సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగించి, ఫెరిటిన్ చూసుకుని, డాక్టరు చెప్పాకే ఆపాలి. ఆ మూడు నెలలూ మాత్రలను పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసిన చోట పెట్టండి. ఎర్రగా, చాక్లెట్‌లా నిగనిగలాడే ఆ మాత్రలు గుప్పెడు మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు. అలా జరిగిందన్న అనుమానం వచ్చినా, పిల్ల బాగానే ఆడుకుంటున్నా, ఖాళీ పట్టీ చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.